చెరువు ఏ పద్దులో నున్నది?



గ్రామములలో పెద్దరికము వహించిన మీకు లెక్కల విలువను నేను చెప్పనక్కరలేదు. ఒకనాడు కరణముగారి కవిలెలో ఊరి భూమి యంతయు నుండెడిది. మాగాణి యెంత, మెట్ట యెంత, బంజరు యెంత, చెరువు క్రింద నెన్ని యెకరములు పారుచున్నవి, ఏ తూము నీరు ముందుగా నెవరి వంతు, తరువాత నెవరి వంతు - ఇదంతయు వ్రాతలో నుండెడిది. వ్రాతలో లేనిదానికే వివాదము వచ్చునని అందరికిని తెలియును. 1984 లో ఆంధ్రప్రదేశమున కరణముల ఉద్యోగములు రద్దయినవి. కాని లెక్క చూచి మాటాడు అలవాటు మాత్రము గ్రామములను విడిచిపోలేదు.

కొంతకాలము క్రిందట నేనొక పట్టణమునకు ప్రక్కనున్న గ్రామమునకు పోయితిని. గ్రామమని అలవాటుకొలది అనుచున్నాను. అప్పటికే అది పట్టణములో కలిసిపోయినది. రచ్చబండమీద కూర్చున్న ఒక వృద్ధుడు నాకొక గుంటను చూపి, "అయ్యా, ఇది మా చెరువు" అనెను. నాకు కనబడినది గుఱ్ఱపుడెక్క కప్పిన మురుగు. కట్టయుండిన చోట చెత్త పోగువడియున్నది. ఆయన కొంతసేపూరకుండి యిట్లు చెప్పెను: "పన్నుల పద్దులో మా యిండ్లున్నవి. దీపముల పద్దులో మా వీధులున్నవి. ఈ చెరువు ఏ పద్దులో నున్నదని ఆఫీసులో అడిగితిని. ఒక బల్లవారు మరియొక బల్లవారిని చూపిరి. చివరకు నేనే యింటికి తిరిగివచ్చితిని."

ఆ వృద్ధుని మాటలో గొప్ప సత్యము కలదు. చెరువు క్రింది ఆయకట్టు ఇండ్ల స్థలములైనందున నీటిపారుదలవారికి దానితో పనిలేకపోయెను. శిస్తు రానందున రెవిన్యూవారికి పట్టలేదు. ఆదాయము లేనందున పట్టణమువారి ఆదాయ పట్టికలో దానికి చోటు దొరకలేదు. ఏ పద్దులోను లేనిదానిని కాపాడువాడెవడు? ఈ దినమున నేను మనవిచేయబోవునది ఆయన అడిగిన ప్రశ్నను గూర్చియే.

ముందుగా ఒక చిన్న లెక్క వేయుదము. లక్ష జనాభాగల పట్టణ మొకటి కలదనుకొనుడు. మురుగుకాలువల యేర్పాటు గల పట్టణములలో మనిషికి దినమునకు 135 లీటర్ల నీరీయవలెనని మన దేశమున ఇంజనీర్లు పాటించు ప్రమాణము. ఆ ప్రకారము ఈ పట్టణమునకు దినమునకు 1 కోటి 35 లక్షల లీటర్లు కావలెను. అందులో నూటికి 80 వంతులు మురుగై బయటికి వచ్చునని వారే లెక్కకట్టుదురు. అనగా దినమునకు 1 కోటి 8 లక్షల లీటర్ల మురుగు. ఆ మంచినీరు ఏ నదినుండి, ఏ ఊరి భూగర్భమునుండి వచ్చినది? ఆ మురుగు ఏ వాగులో పడి ఏ ఊరి పొలములకు చేరుచున్నది? పురపాలక సంఘముయొక్క ఆదాయవ్యయ పట్టికను తిరుగవేసి చూడుడు. పంపులకైన విద్యుత్తు ఖర్చు అందులో కనబడును. గొట్టముల ఖర్చును, సిబ్బంది జీతములును కనబడును. తీసికొన్న నీరు మాత్రము కనబడదు. విడిచిన మురుగును కనబడదు. కావున రూపాయలలో మిగులు చూపు పట్టణము నీటి విషయమున, చెట్టుచేమల విషయమున పీకలదాక అప్పులో నుండవచ్చును. ఆ అప్పు తీర్చుచున్నవాడు పట్టణవాసి కాడు, దిగువనున్న గ్రామస్థుడు.

ఈ లోపమును గుర్తించి, దానికొక సాధనమును కల్పించినవారు జర్మనీ దేశమున కలరు. 1990 లో న్యూయార్కు నగరమున ఐక్యరాజ్యసమితి కార్యాలయములో అనేక దేశముల స్థానిక ప్రభుత్వముల ప్రతినిధులు చేరి, పర్యావరణ విషయములలో ఒకరికొకరు తోడ్పడుటకై 'ఇక్లీ' అను సంస్థను స్థాపించిరి. ఆ సంస్థ ప్రోత్సాహమున 1996 మొదలు 2000 వరకు జర్మనీలోని హైడెల్‌బెర్గు, బీలెఫెల్డు, డ్రెస్డెను పట్టణములును, నోర్డుహౌజెను జిల్లాయు ఒక క్రొత్త పద్ధతిని పరీక్షించి చూచినవి. దానికి 'ఇకోబడ్జెట్' అని పేరు. మనము ప్రకృతి పద్దు అని పిలుచుకొందము.

ఈ పద్ధతిలో చిక్కేమియు లేదు. ధనమునకు బడ్జెట్టు వ్రాయునట్లే నీటికి, గాలికి, నేలకు, చెట్లకు బడ్జెట్టు వ్రాయవలెను. అయితే ఇందులో రూపాయల కొలత లేదు. నీటికి లీటర్లు, అడవికి ఎకరములో హెక్టార్లో, చెత్తకు టన్నులు - ఏ వస్తువునకు దాని సహజమైన కొలతయే. సంవత్సరారంభమున ప్రతి వస్తువునకు ఎదుట మూడంకెలు వేయుదురు: నేడున్న స్థితి యెంత, ఈ సంవత్సరాంతమునకు చేరవలసిన దెంత, కొన్ని యేండ్లకు పిమ్మట చేరవలసిన గమ్య మెంత. ఆ పట్టికను పట్టణసభ ఎదుట పెట్టి, సభ్యులచేత ఆమోదింపజేయుదురు. ఏ అంకెకు ఏ శాఖవారు బాధ్యులో ముందే నిర్ణయింతురు. సంవత్సరము పొడుగున కొలతలు తీసి వ్రాయుదురు. సంవత్సరాంతమున జమాఖర్చు తేల్చి, తనిఖీ చేయించి, మరల సభ ఎదుటను ప్రజల ఎదుటను పెట్టుదురు.

ఈ పద్ధతి బలమంతయు సభ ఆమోదములోనే కలదు. చెట్లు నాటుదుమని వేదికమీద చెప్పిన మాట గాలికి పోవును. సభ ఆమోదించిన అంకెకు మాత్రము సంవత్సరాంతమున సమాధానము చెప్పుకొనవలెను. అప్పుడు సభ్యులు "ఎందుకు తగ్గినది?" అని అడుగవచ్చును, ప్రజలును అడుగవచ్చును. ఆ వృద్ధుని ప్రశ్నకు ఒక బల్లవారు మరియొక బల్లవారిని చూపుటకు వీలుండదు.

ఇది ధనిక దేశముల ముచ్చట కాదా యని మీరనవచ్చును. ధనిక దేశమునకు చెందిన ఊరి సంగతి యొకటి, పేద ఊరి సంగతి యొకటి చెప్పెదను. మీరే తూచి చూడుడు.

స్వీడను దేశమున వెక్‌షో అను పట్టణము కలదు. 2010 ప్రాంతమున దాని జనాభా సుమారు 80 వేలు. ఆ ఊరి ప్రక్కన ట్రుమ్మెన్ అను చెరువు కలదు. చాలకాలము పట్టణపు మురుగు అందులోనికి పోయి, చెరువు చెడిపోయెను. 1950 ల చివర మురుగును మరలించిరి. అయినను చెరువు బాగుపడలేదు. విషమంతయు అడుగున పేరుకొన్న బురదలోనే యుండెను. తుదకు 1970, 1971 సంవత్సరములలో యంత్రములతో సుమారు ఒక మీటరు మందమున ఆ బురదను తోడివేసిరి. తోడిన మట్టిని ఎండబెట్టి తోటలకు, పచ్చిక బయళ్లకు ఎరువుగా వేసిరి. నీరు తేటపడెను. చెరువు పూడిక పొలమునకు బలమని మన రైతునకు ఎవరును నేర్పనక్కరలేదు. అక్కడివారు ఎంతో ధనము ఖర్చుపెట్టి ఆ సత్యమును నేర్చుకొనిరి. ఒకసారి చెరువును పోగొట్టుకొని తిరిగి సంపాదించుకొన్నవారు గనుక వారికి లెక్కయందు శ్రద్ధ కలిగెను. 1980 లో ఇండ్లను వెచ్చబరచు కేంద్రములో చమురునకు మారుగా కట్టెపేళ్లను మండించుట మొదలుపెట్టిరి. 1996 లో పట్టణసభవారు బొగ్గు, చమురు మొదలగు భూగర్భపు ఇంధనములను క్రమముగా మానవలెనని ఏకగ్రీవముగా తీర్మానించిరి. తరువాత ప్రకృతి పద్దును ధనపు బడ్జెట్టుతోపాటు నడపసాగిరి. 1993 తో పోల్చి చూడగా, ఇరువది యేండ్లు నిండకముందే మనిషికి వంతు వచ్చు బొగ్గుపులుసు వాయువు మూడవవంతుకు పైగా తగ్గినది.

ఇక రెండవ ఊరు. ఫిలిప్పీన్సు దేశమున బొహోల్ ద్వీపములో టుబిగోన్ అను చిన్న మునిసిపాలిటీ కలదు. నలువది వేలకు పైబడిన జనులు. సేద్యమును, చేపల వేటయు వారి జీవనాధారములు. ఆదాయము స్వల్పము. అయినను వారు పద్దు వ్రాసిరి. తమ బ్రదుకు దేనిమీద నిలిచియున్నదని తమలో తాము ప్రశ్నించుకొని, చెట్లు, మడ అడవులు, సముద్రములోని పగడపు దిబ్బలు, త్రాగునీరు - వీనిని పద్దులోనికి ఎక్కించిరి. పగడపు దిబ్బ చెడినచో చేప రాదు. మడ అడవి నరికినచో గాలివాన నాడు అల ఊరిమీదికి వచ్చును. కోస్తావాసులైన మన శ్రోతలకు ఆ మాట అర్థమగును. 1977 నవంబరునాటి దివిసీమ ఉప్పెనను చూచినవారు ఇంకను మన నడుమ కలరు. పేద ఊరు గనుకనే ప్రకృతి పద్దు వారికి మరింత అవసరమైనది. ధనవంతుడు పోయినదానిని కొని తెచ్చుకొనును. పేదవాడు పోయినదానిని మరల కొనలేడు.

టుబిగోన్‌తోపాటు ఇదే పద్ధతిని ఆసియాలో పరీక్షించుటకు ఎన్నుకొనబడిన రెండవ పట్టణ మేదియో తెలిసినచో మీకు సంతోషము కలుగును. అది మన గుంటూరు. 1866 లో పురపాలక సంఘముగా ఏర్పడి, 1994 లో నగరపాలక సంస్థగా మారిన గుంటూరు, 2005 తరువాతి కొద్ది యేండ్లలో ఈ ప్రయోగమున పాల్గొనెను. తెలుగు నేలమీద ప్రకృతికి పద్దు వ్రాయవచ్చునని చూపిన గౌరవము ఆ నగరమునకు దక్కినది.

అయితే ప్రయోగమనునది విత్తనము వేయుట వంటిది. ఏటేట సేద్యము సాగినగాని పంట నిలువదు. 2012 లో నల్లపాడు, గోరంట్ల, ఏటుకూరు, బుడంపాడు మొదలగు పది గ్రామములు గుంటూరు నగరములో చేరినవి. ఒక్కమారుగా పది గ్రామముల చెరువులు, కుంటలు, డొంకలు నగరమువారి బాధ్యతలోనికి వచ్చినవి. 2018 మార్చిలో ఆ నగరమున కొన్ని పేటలలో త్రాగునీరు కలుషితమై అతిసారము ప్రబలి కొందరు ప్రాణములు కోల్పోయిరి. ఈ సంగతిని ఒకరిని నిందించుటకై చెప్పుట లేదు. నేలలోని గొట్టము ఎన్నేండ్లనాటిది, ఎచ్చట మురుగుకాలువ ప్రక్కన పోవుచున్నది, ఎన్ని మారులు నీటిని పరీక్షించిరి - ఇట్టి వ్రాతలు ఒక కుటుంబములోని బిడ్డ ప్రాణముతో ముడిపడియున్నవని చెప్పుటకే. పద్దు అనగా కాగితముమీది అంకెలు మాత్రమే కావు.

ఈ సాధనమునకు గల లోపములను దాచుట న్యాయము కాదు. మొదటిది: కొలుచుటకు మనుష్యులు కావలెను, పరికరములు కావలెను. రెండవది: తమకు అనుకూలమైన అంకెలను మాత్రమే పద్దులో నెక్కించి, కష్టమైనవానిని వదలివేయవచ్చును. నాటిన మొక్కలను లెక్కించుట సులభము. మూడేండ్ల తరువాత బ్రతికియున్న మొక్కలను లెక్కించుట కష్టము. మూడవది: సభవారు మారినప్పుడు, అధికారి బదిలీయైనప్పుడు పద్దు అటకెక్కవచ్చును. ఈ మూడు రోగములకు మందొకటే: పద్దును అడుగు ప్రజలుండవలెను. అడుగువారు లేని లెక్కకు తప్పనిసరి యనునది లేదు.

అడుగుట మనవారికి చేతనగునా యను సందేహము వలదు. 2006 నుండి 2010 వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశమున అనంతపురము, మహబూబునగరము, నల్లగొండ మొదలగు ఏడు కరవు జిల్లాలలో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సహాయముతో రైతులే తమ భూగర్భజలమునకు పద్దు వ్రాసిరి. ఊరిలో వానమాని పెట్టి పడిన వానను కొలిచిరి. ఎంపిక చేసిన బోరుబావులలో నీటిమట్టమును వ్రాసిరి. రబీ పంటకు ముందు అందరును కూడి, భూమిలో ఇంత నీరున్నది, వరి వేసినచో ఇంత కావలెను, ఆరుతడి పంట వేసినచో ఇంత చాలునని లెక్కచూచుకొనిరి. ఏ పంట వేయవలెనని ఎవరును శాసింపలేదు. లెక్క చూచినవాడు తనకు తానే ఆలోచించుకొనెను. చదువు తక్కువగల రైతులును, స్త్రీలును అందులో పాల్గొనిరి. పల్లెవారు చేయగలిగినది పట్టణమువారికి అసాధ్యమగునా?

ఇక చట్టము సంగతి. 1993 లో అమలులోనికి వచ్చిన 74 వ రాజ్యాంగ సవరణము పట్టణములకు 18 విషయములను పేర్కొన్నది. త్రాగునీరు, పారిశుద్ధ్యము, వనముల పెంపకము, పర్యావరణ రక్షణము అందులోనివే. అంతకంటె మనము జ్ఞాపకముంచుకొనవలసిన అధికరణ మొకటి కలదు. రాజ్యాంగములోని 243 జెడ్‌డి అధికరణము ప్రకారము ప్రతి జిల్లాలోను ఒక ప్రణాళికా సంఘము ఉండవలెను. పంచాయతీల ప్రణాళికలను, పట్టణముల ప్రణాళికలను ఒకచోట చేర్చి, ఉభయులును పంచుకొను నీరు మొదలగు ప్రకృతి వనరుల విషయమును ఆ సంఘము ఆలోచింపవలెను. ఆ సంఘములో అయిదింట నాలుగు వంతుల సభ్యులను జిల్లా పంచాయతీయందును, పట్టణసభలయందును ప్రజలచే ఎన్నుకోబడినవారు తమలోనుండి ఎన్నుకొనవలెను. అదియు పల్లె పట్టణముల జనాభా నిష్పత్తినిబట్టి. అనగా పట్టణపు పద్దును చూపుమని అడుగుటకు పల్లెకు రాజ్యాంగమే పీట వేసియున్నది. ఆ పీటమీద కూర్చుండి అడుగుట మన వంతు.

కాని అడుగువాని చేతిలో తన లెక్క ఉండవలెను. కావున మీ గ్రామమున ఒక పుస్తకము తెరువుడని నా మనవి. నాలుగు పద్దులు చాలును. ఊరిలో గుర్తుపెట్టిన మూడు బావులలో వేసవి చివరను, వానల చివరను నీరు ఎన్ని బారల లోతున నున్నది - ఇది మొదటి పద్దు. చెరువు విస్తీర్ణ మెంత, కట్ట ఎచ్చట తెగియున్నది, అలుగు ఏ యేట పారినది - ఇది రెండవది. క్రిందటి యేడు నాటిన చెట్లలో నేటికి బ్రతికినవెన్ని - ఇది మూడవది. పట్టణమునుండి మన పొలిమేరలోనికి వచ్చు మురుగు ఏ కాలువద్వారా వచ్చుచున్నది, చెత్తబండ్లు వారమునకెన్ని వచ్చుచున్నవి - ఇది నాలుగవది. బడిపిల్లలచేత వ్రాయించుడు, వారికి లెక్కలు వచ్చును, ఊరును తెలియును. సంవత్సరమున కొకమారు గ్రామసభలో బిగ్గరగా చదివించి, పంచాయతీ తీర్మాన పుస్తకములో ఎక్కింపుడు.

మీ గ్రామము పట్టణమునకు చేరువలో నున్నచో ఈ పని మరింత తొందరగా చేయవలెను. ఒకనాడు మీ ఊరును పట్టణములో చేర్చు ప్రతిపాదన రావచ్చును. దానివలన రోడ్లు రావచ్చును, గొట్టపునీరు రావచ్చును. మేలు లేదని నేననను. కాని ఇల్లు అప్పగించువాడు సామానుల జాబితా వ్రాసి ఇచ్చును గదా! చెరువు లెన్ని, కుంట లెన్ని, వాగు ఏ దారిని పోవుచున్నది, పోరంబోకు ఎంత - ఈ జాబితా వ్రాసి, చేర్చుకొనువారిచేత సంతకము పెట్టించుకొన్న పిమ్మటనే తాళపుచెవి ఇచ్చుట మేలు.

ఆ వృద్ధుని నేను మరల చూడలేదు. ఆనాడు ఆయనకు సమాధానము చెప్పలేక తలవంచుకొని వచ్చితిని. నేడు చెప్పగలిగినది ఇంతే: "తాతా, నీ చెరువు ఇంతవరకు ఏ పద్దులోను లేదు. దానిని పద్దులో నెక్కించు పద్ధతి లోకములో కలదు. మన నేలమీదను ఒకమారు పరీక్షింపబడినది. మొదటి అక్షరము పట్టణమువారు వ్రాయువరకు వేచియుండవలదు. నీ మనుమని చేతికి కలమిచ్చి, నీవు చెప్పుచుండగా వ్రాయింపుము. చెరువు పేరు, విస్తీర్ణము, తూముల సంఖ్య, నీ చిన్ననాట నీరు ఎంతవరకు నిలిచెడిదో ఆ గుర్తు. నీవు చెప్పకపోయినచో అది చెప్పగలవారు మరి లేరు."

పెద్దలారా, మీలో ప్రతివారికిని అట్టి చెరువొకటి జ్ఞాపకముండును. దయచేసి నేడే వ్రాయింపుడు.